మొదటి సాలార్‌జంగ్: గుత్తేదార్ల చేతుల్లోంచి ఖజానాను విడిపించిన దివాన్

హైదరాబాద్‌లో ఉంటూ సాలార్‌జంగ్ మ్యూజియం చూడని కుటుంబం అరుదు. పిల్లలు మ్యూజికల్ క్లాక్ దగ్గర నిలబడితే, పెద్దలు మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గర ఆగిపోతారు. అయితే ఆ పేరున్న సాలార్‌జంగ్‌లు ముగ్గురని చాలామందికి తెలియదు. మ్యూజియంలోని వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించింది మూడో సాలార్‌జంగ్, నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. రెబెక్కా బొమ్మను 1876లో రోమ్‌లో కొన్నది మాత్రం ఆయన తాతగారు మొదటి సాలార్‌జంగ్, అంటే మీర్ తురాబ్ అలీ ఖాన్. నిజాం రాజ్యానికి 24 ఏళ్లకే దివాన్ అయి, సుమారు 30 ఏళ్లపాటు, తుదిశ్వాస వరకు ఆ పదవిలో ఉన్నది ఆయనే.

స్కూలు పుస్తకాల్లో ఆయన గురించి రెండే మాటలుంటాయి. 1857లో ఇంగ్లీషువాళ్ల వైపు నిలబడ్డాడని ఒకటి, సంస్కరణలు చేశాడని ఇంకొకటి. ఆ సంస్కరణలు ఏమిటో, అంతకుముందు ఏం జరిగేదో చెప్పేవాళ్లు తక్కువ. నిజానికి అవి ఒక సాదా ప్రశ్నకు జవాబు. ప్రభుత్వానికి నెలనెలా కావాల్సిన సేవలు కొన్ని ఉంటాయి. సిపాయి కావాలి, పన్ను వసూలు చేసేవాడు కావాలి, లెక్క రాసేవాడు కావాలి, అవసరానికి అప్పు ఇచ్చేవాడూ కావాలి. ఈ సేవలను ప్రభుత్వం ఎలా కొనాలి? ఏం ఇచ్చి కొనాలి? సాలార్‌జంగ్ రాకముందు హైదరాబాద్ ఈ ప్రశ్నకు తప్పుడు జవాబు చెప్పుకుని నిలువునా మునిగిపోయింది.

జీతం బదులు జిల్లాలు

కథ 1800 నుంచి చెప్పుకోవాలి. ఆ ఏడాది రెండో నిజాం ఈస్టిండియా కంపెనీతో ఒక ఒప్పందం చేసుకున్నారు. కంపెనీ ఫౌజు హైదరాబాద్ రక్షణకు ఉంటుంది, దాని ఖర్చు నిజాం భరించాలి. ఆ ఖర్చు ఏటేటా నగదుగా ఇచ్చే బదులు నిజాం భూభాగమే రాసిచ్చేశారు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు అలా కంపెనీ చేతికి పోయాయి. మన పెద్దలు దత్త మండలాలు అన్నది వాటినే, ఇప్పుడు వాటిలో ఎక్కువ భాగాన్ని రాయలసీమ అంటున్నాం. ఒక ఫౌజు నౌకరీకి కట్టిన ధర అది.

ఆ ఒప్పందం ప్రకారం యుద్ధం వచ్చినప్పుడు నిజాం తన సైన్యాన్ని కూడా కంపెనీకి సాయంగా పంపాలి. ఈ షరతును పట్టుకుని రెసిడెంట్ హెన్రీ రస్సెల్ కాలంలో ఇంకో ఫౌజు తయారైంది. మొదట్లో దాన్ని రస్సెల్ బ్రిగేడ్ అన్నారు, తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అన్నారు. అఫ్సర్లు ఇంగ్లీషువాళ్లు, హుకుం రెసిడెంట్‌ది, జీతాలు మాత్రం నిజాం ఖజానా నుంచి. ఖర్చు ఏడాదికి సుమారు 40 లక్షల రూపాయలు. ఎంతమంది సిపాయీలు ఉండాలో, అఫ్సరుకు ఎంత ఇవ్వాలో చెప్పే అధికారం డబ్బు కట్టేవాడికి లేదు.

ఆ కాలంలో దర్బారులో మాట చెల్లిన పేష్కార్ మహారాజా చందూలాల్ ఈ ఖర్చు కోసం అప్పులు చేశారు. విలియం పామర్ అండ్ కంపెనీ అనే ఇంగ్లీషు వ్యాపార సంస్థ నూటికి ఏటా 24, 25 రూపాయల వడ్డీకి అప్పులిచ్చింది. ఆ బాకీ తీర్చడానికి 1823లో ఇంకో ఆస్తి అమ్మాల్సి వచ్చింది. ఉత్తర సర్కారులు, అంటే గుంటూరు మొదలు గంజాం దాకా ఉన్న కోస్తా ప్రాంతం, కంపెనీ దగ్గర ఉన్నందుకు నిజాంకు ఏటా 7 లక్షల పేష్కష్ రావాలి. ఆ హక్కును ఒకేసారి సుమారు 1 కోటి 16 లక్షలకు కంపెనీకే వదిలేశారు. అలా ఏటా వచ్చే రాబడి పోయింది, ఏటా పెట్టాల్సిన ఖర్చు మాత్రం అలాగే మిగిలింది.

జమేదారు, సాహుకారు, తాలూక్‌దారు

ఇక రాజ్యం లోపలి సంగతి. నిజాం సొంత సైన్యంలో అరబ్బులు, రొహిల్లాలు, సిక్కులు ఉండేవారు. వాళ్లను ప్రభుత్వం ఒక్కొక్కరిగా నౌకరీలో పెట్టుకునేది కాదు. ఒక జమేదారుతో మాట్లాడుకునేది. జమేదారు ఇన్ని వందల మందిని తెస్తాడు, వాళ్ల తలబు మొత్తం ఆయన చేతికే వెళ్తుంది. మనుషులు నిజంగా అంతమంది ఉన్నారా అని చూసేవాడు లేడు. తలబు నెలనెలా ఇచ్చే స్తోమతు ఖజానాకు లేదు. కొన్ని నెలలు గడిచేసరికి బకాయి కొండలా పెరిగేది. అప్పుడు జమేదారుకు ఒక తాలూకా రాబడి రాసిచ్చేవారు. ఆయన తన మనుషులను అక్కడ దింపి, తన బాకీ తానే వసూలు చేసుకునేవాడు. మరికొందరు జమేదార్లు ఆ డబ్బుతో ప్రభుత్వానికే మళ్లీ అప్పులిచ్చారు. అంటే ఫౌజు సప్లై చేసేవాడే షావుకారు కూడా అయ్యాడు. సాహుకార్ల పద్ధతీ అదే. అప్పు ఇస్తే తాకట్టుగా తాలూకా రావాలి.

మిగిలిన తాలూకాలు గుత్తకు పోయేవి. తాలూక్‌దారు అంటే ఆ రోజుల్లో జీతం తీసుకునే అధికారి కాదు, పన్ను వసూలు గుత్తకు పట్టినవాడు. వసూలైన ప్రతి రూపాయిలో 2 అణాలు ఆయన ఖర్చు కింద ఆయనవే. రూపాయికి 16 అణాలు కాబట్టి ఎనిమిదో వంతు అక్కడే ఆగిపోయేది. అది కాక నజరానాలు వేరు. గుత్త దక్కాలంటే ముందుగానే దర్బారులో డబ్బు ముట్టజెప్పాలి. ఇంకెవరైనా ఎక్కువ ఇస్తే మధ్యలోనే మార్చేసేవారు. తాలూకాకు బయల్దేరిన గుత్తేదారు, వెనకాల ఇంకో గుత్తేదారు వస్తున్నాడేమో చూసుకోవడానికి గుర్రం మీద తోకవైపు ముఖం పెట్టి కూర్చునేవాడని ఆ కాలంలో చమత్కారంగా చెప్పుకునేవారట. రేపు ఉంటాడో ఉండడో తెలియనివాడు రైతు దగ్గర ఏం చేస్తాడు? చేతికి అందినంత ఈ రోజే గుంజుకుంటాడు. చెరువు కట్ట బాగు చేయించాలని వాడికి ఎందుకుంటుంది, వచ్చే ఏడు పంట వాడిది కాదు కదా.

లెక్కల పరిస్థితీ ఇంతే. రాజ్యం రెవెన్యూ రికార్డులు రెండు దఫ్తర్లలో ఉండేవి. మరాఠ్వాడా లెక్కలు దఫ్తరే దివానీలో, తెలంగాణ లెక్కలు దఫ్తరే మాల్‌లో. ఒకటి రాయ్ రాయాన్ కుటుంబం చేతిలో, రెండోది మాల్‌వాలా కుటుంబం చేతిలో తరతరాలుగా ఉండేది. ఎంత రావాలి, ఎంత వచ్చింది అన్నది దివాన్‌కు తెలియాలంటే వాళ్లను అడగాల్సిందే.

మొత్తం మీద చూస్తే, పన్ను ముందు ఖజానాకు వచ్చి, అక్కడి నుంచి జీతాలకు వెళ్లడం అనేదే లేదు. పన్ను నేరుగా బాకీదారు చేతిలో పడేది. ఖజానా ఉత్త పేరుకే మిగిలింది.

దివాన్ల ఇంటి పిల్లవాడు

మీర్ తురాబ్ అలీ ఖాన్ 1829 జనవరి 21న పుట్టారు. ముత్తాత మీర్ ఆలం నిజాం దివాన్‌గా చేశారు. పాతబస్తీ పక్కనున్న మీర్ ఆలం చెరువు ఆయన పేరు మీదే ఉంది. తాత మునీరుల్ ముల్క్ కూడా దివానే. తండ్రి చిన్నప్పుడే పోవడంతో తాత, ఆ తర్వాత బాబాయి సిరాజుల్ ముల్క్ ఆయన్ని పెంచారు. ఫార్సీ బాగా చదివారు, ఇంగ్లీషు కూడా నేర్చుకున్నారు. ఇంత పెద్ద ఇంట్లో పుట్టినా ఇంటి ఆస్తులు అప్పట్లో అప్పుల్లో ఉన్నాయి. బాకీదారు గుమ్మం ముందు కూర్చుంటే ఎలా ఉంటుందో ఆయన చిన్నప్పుడే చూశారు.

1848లో, 19 ఏళ్ల వయసులో, తెలంగాణలోని కొన్ని తాలూకాల బాధ్యత కొన్ని నెలలపాటు ఆయన చేతికొచ్చింది. అంతకుముందు ఆ పని చూసినవాడు నిజాం కొలువులోని డైటన్ అనే ఇంగ్లీషు ఉద్యోగి. పన్ను వసూలు పద్ధతిని కొంత సరిచేసే ప్రయత్నం అక్కడ అప్పటికే మొదలైంది. ఊళ్లో పంట ఎంత, రైతు ఇచ్చేది ఎంత, హైదరాబాద్ చేరేది ఎంత అన్నది కుర్ర తాలూక్‌దారుకు కళ్లారా చూసే అవకాశం దొరికింది. తర్వాత ఇంటి జాగీర్లు తిరిగి చేతికొస్తే వాటి వ్యవహారం కూడా తానే చూసుకున్నారు.

ఐదు రోజుల తేడా

1853 నాటికి కంటింజెంట్ జీతాల కింద నిజాం తనకు 40 లక్షలకు పైగా బాకీ ఉన్నారని కంపెనీ లెక్క తేల్చింది. మే 21న నాలుగో నిజాం నాసిరుద్దౌలా చేత కొత్త ఒప్పందం మీద సంతకం చేయించింది. బీరార్, నల్దుర్గ్, రాయచూరు దోఆబ్ కంపెనీ చేతికి వెళ్లాయి. ఆ రాబడితో 5,000 మంది పదాతి దళాన్ని, 2,000 మంది ఆశ్విక దళాన్ని, నాలుగు ఫిరంగి దళాలను పోషిస్తారు, మిగిలింది నిజాంకు ఇస్తారు. జమేదారు తాలూకా పట్టుకున్నట్టే కంపెనీ మూడు ప్రాంతాలు పట్టుకుంది.

ఆ ఒప్పందం జరిగినప్పుడు దివాన్‌గా ఉన్న సిరాజుల్ ముల్క్ మే 26న చనిపోయారు. ఐదు రోజుల తర్వాత, మే 31న, 24 ఏళ్ల తురాబ్ అలీ ఖాన్‌ను నిజాం దివాన్‌ను చేశారు. సాలార్‌జంగ్ అనేది ఆయన బిరుదు. చేతికొచ్చింది ఖాళీ ఖజానా, తాకట్టులో ఉన్న తాలూకాలు, జీతం కోసం ఆయుధాలతో తిరిగే సిపాయీలు, దివాన్ మీద అంతగా నమ్మకం లేని ఒక నవాబు.

తాకట్టు విడిపించడం

ఈ స్థితిలో ఇంకొకరైతే ఏం చేసేవారో ఊహించుకోవచ్చు. కొత్త సాహుకారును వెతికి పాత బాకీ తీర్చేవారు, లేదా కంపెనీ ఫౌజును పిలిచి అరబ్బులను బలవంతంగా పంపించేసేవారు. సాలార్‌జంగ్ రెండూ చేయలేదు. ముందు బాకీలు లెక్క కట్టించారు. ఒక్కో జమేదారుతో, ఒక్కో సాహుకారుతో విడివిడిగా కూర్చుని ఎంత నిజమైన బాకీ, ఎంత వడ్డీ మీద వడ్డీ అని తేల్చారు. ఒప్పుకున్న మొత్తం ఖజానా నుంచి కిస్తులుగా ఇస్తామన్నారు, బదులుగా తాలూకా ఖాళీ చేయాలన్నారు. మొదటి కిస్తు టైముకు అందింది. రెండోదీ అందింది. అప్పటిదాకా దివాన్ మాటకు బజార్లో విలువ లేదు, ఇప్పుడు మెల్లగా విలువ రావడం మొదలైంది. పరపతి పెరిగితే వడ్డీ తగ్గుతుంది. తాలూకాలు ఒక్కొక్కటే ప్రభుత్వం చేతికి తిరిగొచ్చాయి.

తలబు నెలనెలా ఇచ్చే ఏర్పాటు జరిగింది. దానితోపాటు సిపాయీల సంఖ్య కూడా తగ్గిస్తూ వచ్చారు. అరబ్బులు, రొహిల్లాలు అప్పులు రాబట్టుకోవడానికి మనుషులను పట్టుకెళ్లి సొంత హవేలీల్లో బంధించేవారు. దాన్ని ఆపించారు, బాకీ ఉంటే అదాలతుకు రావాలన్నారు. వాళ్లను పగ చేసుకోకుండా, వాళ్ల జమేదార్ల చేతనే తీర్పులు అమలు చేయించారు. ఆ అరబ్ కుటుంబాలు ఎక్కడికీ పోలేదు. వాళ్ల వారసులు ఈ రోజుకీ బార్కస్ చుట్టుపక్కల మన మధ్యే ఉన్నారు.

డబ్బుకు కూడా ఒక ఇల్లు కావాలి. అప్పట్లో రాజ్యంలో ఊరికో టంకశాల, సాహుకారుకో నాణెం. ఒక తాలూకాలో తీసుకున్న రూపాయి ఇంకో తాలూకాలో చెల్లాలంటే వట్టం కట్టాలి. సాలార్‌జంగ్ హైదరాబాద్‌లో ఒకే టంకశాల పెట్టి హాలీ సిక్కా కొట్టించారు, జిల్లాల్లోని టంకశాలలు మూయించారు. జీతం ఇచ్చేవాడు, తీసుకునేవాడు ఒకే రూపాయిలో లెక్క పెట్టుకోగలిగారు.

గుత్త పోయి జీతం వచ్చింది

1857 విషయం దాటేసి ఆయన కథ చెప్పడం న్యాయం కాదు. ఆ ఏడాది జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో జనం కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేశారు. సాలార్‌జంగ్ ముందే రెసిడెంట్‌కు కబురు పంపారు, ఊరి దర్వాజాల దగ్గర నమ్మకమైన అరబ్ సిపాయీలను పెట్టారు. దాడి ఓడిపోయింది. తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో చంపేశారు, మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్ పంపారు. ఇంగ్లీషువాళ్లకు దక్కన్ దక్కడంలో ఈ దివాన్ పాత్ర పెద్దదే. హైదరాబాద్ జనంలో చాలామంది ఆయన్ని అప్పుడూ క్షమించలేదు, తర్వాతా క్షమించలేదు. 1859లో, మళ్లీ 1868లో ఆయన మీద హత్యాయత్నాలు జరిగాయి, రెండుసార్లూ తప్పించుకున్నారు. రాజ్యం మిగలాలంటే వేరే దారి లేదని ఆయన నమ్మారు. ఆ నమ్మకానికి ఇద్దరు వీరులు, ఇంకా ఎందరో సిపాయీలు మూల్యం చెల్లించారు.

1860లో కొత్త ఒప్పందం కుదిరింది. 50 లక్షల బాకీ రద్దయింది, నల్దుర్గ్, రాయచూరు దోఆబ్ తిరిగొచ్చాయి, సురపురం కూడా నిజాంకు కలిసింది. తిరిగొచ్చిన ఈ జిల్లాల్లో ఏడేళ్లపాటు జీతగాళ్లైన అధికారులే పన్ను వసూలు చేశారు. వాటిని మళ్లీ గుత్తకు ఇస్తే ముందే నజరానా దొరికేది. దర్బారులో చాలామందికి అదే ఇష్టం. సాలార్‌జంగ్ ఇవ్వలేదు. జీతాల పద్ధతినే అక్కడ కొనసాగించి, అది ఎలా నడుస్తుందో కొన్నేళ్లు చూశారు.

1864లో రెవెన్యూ బోర్డు పెట్టారు. 1865లో జిలాబందీ జరిగింది, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విభజించారు. 1867 నాటికి 5 డివిజన్లు, 17 జిల్లాలు ఏర్పడ్డాయి. తాలూక్‌దారు అనే పాత మాటను తీసేయలేదు, దాని అర్థాన్ని మార్చేశారు. గుత్తేదారు పోయాడు, నెల జీతం తీసుకునే అవ్వల్ తాలూక్‌దార్ వచ్చాడు. ఆయన కింద దోయం, సోయం తాలూక్‌దార్లు, వాళ్ల కింద తహశీల్దార్లు. జిల్లా కలెక్టరును అవ్వల్ తాలూక్‌దార్ అనడం తెలంగాణలో 1948 దాకా నడిచింది. తహశీల్దార్ మాట ఈ రోజుకీ పోలేదు.

ముఖ్యమైన మార్పు ఇక్కడుంది. ఇంతకుముందు పన్ను వసూలు చేసేవాడే దానిలోంచి తన వాటా తీసుకుని, పోలీసును పెట్టి, తగువులు కూడా తీర్చేవాడు. ఇప్పుడు వసూలు చేసేవాడు వేరు, డబ్బు దాచేది ఖజానా, లెక్క చూసేవాడు ఇంకొకడు. పోలీసులకు వేరే శాఖ, అదాలతులు వేరే. 1868లో అదాలత్, మాల్, పోలీసు, ఇతర శాఖలకు నలుగురు సదరుల్ మహాంలను, అంటే మంత్రులను నియమించారు. కుటుంబాల చేతుల్లోని పాత దఫ్తర్లను పక్కకు తప్పించి లెక్కల కోసం కొత్త ఆఫీసు ఏర్పాటు చేశారు. దఫ్తరే దివానీ కాగితాలే తర్వాతి కాలంలో ఇప్పుడు తార్నాకలో ఉన్న స్టేట్ ఆర్కైవ్స్‌కు మూలమయ్యాయి. పంటలో వాటాగా తీసుకునే పన్ను స్థానంలో నగదు పన్ను వచ్చింది. దారిపొడవునా సరుకు మీద వేసే సుంకాలు తీసేశారు. 1869లో నిజాం ప్రభుత్వం తొలి పోస్టల్ స్టాంపు వచ్చింది.

వీటన్నిటికీ చదువుకున్న నౌకర్లు కావాలి. 1850లలోనే దారుల్ ఉలూం మదర్సా పెట్టించారు. అది చాలక ఉత్తరాది నుంచి మనుషులను పిలిపించారు. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మొహ్సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్, చిరాగ్ అలీ లాంటివాళ్లు అలా వచ్చారు. పని బాగా జరిగింది గానీ, ఇక్కడి పిల్లలకు నౌకరీలు దక్కడం లేదన్న బాధ కూడా అప్పుడే మొదలైంది. ముల్కీ, గైర్ ముల్కీ తగువుకు మొదటి విత్తనం అదే.

చేయి పెట్టలేకపోయిన చోట్లు

ఆయన చేసిందంతా దివానీ ఇలాకాలో, అంటే నేరుగా ప్రభుత్వం కింద ఉన్న భూమిలో. నిజాం సొంత భూమి సర్ఫేఖాస్, పైగా నవాబుల ఇలాకాలు, జాగీర్లు, గద్వాల, వనపర్తి లాంటి సంస్థానాలు ఆయన పట్టు బయటే ఉన్నాయి. అక్కడి రైతుకు ఈ సంస్కరణలు చాలావరకు అందలేదు.

రెండో సంగతి ఇంకా గట్టిది. గ్రామాల్లో తరతరాలుగా పన్ను వసూలులో ఉన్న దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేలు ఇక అవసరం లేదు. ఉన్నట్టుండి తీసేస్తే గొడవ అవుతుందని, వాళ్లకు ఏటా రుసుం అనే నగదు భత్యం ఇచ్చారు. పని పోయింది, భత్యం మిగిలింది, ఊళ్లో పలుకుబడి కూడా మిగిలింది. కొత్తగా భూమి పట్టాలు రాసేటప్పుడు, ఏ భూమి ఎవరిదో కాగితం మీద తెలిసినవాళ్లు వాళ్లే. తర్వాతి తరాల్లో తెలంగాణలో వేలాది ఎకరాలు కొన్ని గడీల కిందికి చేరాయి. 1946 నుంచి 1951 దాకా సాగిన రైతుల సాయుధ పోరాటం ఆ గడీల మీదే. ఇదంతా సాలార్‌జంగ్ ఒక్కడి తప్పు అనలేం, మధ్యలో 60 ఏళ్లకు పైగా గడిచాయి. కానీ గుత్తేదారును తీసేస్తే చాలదు, తీసేసినవాడు ఎక్కడికి వెళ్తాడో కూడా చూడాలి. ఆ చూపు ఆ కాలంలో కొరవడింది.

అతిపెద్ద గుత్తేదారు

సాలార్‌జంగ్ ఎంతమంది జమేదార్ల దగ్గర తాలూకాలు విడిపించినా, ఒక జమేదారు దగ్గర మాత్రం ఓడిపోయారు. అది బ్రిటిష్ సర్కారు. 1860 ఒప్పందంలో రెండు ప్రాంతాలు తిరిగొచ్చాయి గానీ బీరార్ రాలేదు. అమానతుగా ఉంచుకుంటామన్నారు. పైగా ఇక మీదట బీరార్ జమాఖర్చుల లెక్క నిజాం అడగకూడదని ఆ ఒప్పందంలోనే రాసుకున్నారు. తన రాజ్యంలో ప్రతి తాలూకా నుంచి లెక్క అడిగిన దివాన్, అన్నిటికంటే పెద్ద తాకట్టు లెక్క వదులుకుంటూ ఒప్పుకోవాల్సి వచ్చింది. బీరార్ పత్తి పండే నేల, రాబడి పెరుగుతూ పోయింది. పరిపాలన ఖర్చు కూడా దాంతోపాటే పెంచేశారు. నిజాంకు మిగిలేదెంతో చెప్పేవాడు బాకీదారే.

1869 ఫిబ్రవరిలో ఐదో నిజాం అఫ్జలుద్దౌలా చనిపోయారు. వారసుడు మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు మూడేళ్లు కూడా నిండలేదు. సాలార్‌జంగ్, పైగా నవాబ్ షంసుల్ ఉమ్రా కలిసి రాజప్రతినిధులుగా రాజ్యం నడిపారు. అప్పటిదాకా ఊరు దాటాలంటే నవాబు అనుమతి కోసం ఎదురుచూసిన దివాన్‌కు కొంచెం స్వేచ్ఛ దొరికింది. ఆ స్వేచ్ఛను ఆయన ముఖ్యంగా బీరార్ కోసమే వాడారు. ఆయన వాదం తేలికగా అర్థమయ్యేదే. కంటింజెంట్ జీతాలకు హామీ కావాలని కదా బీరార్ తీసుకున్నారు, ఇప్పుడు ఖజానాలో డబ్బుంది, జీతాలకు సరిపడా సొమ్ము మీ దగ్గరే జమ చేస్తాం, తాకట్టు వదలండి అన్నది. అరబ్ జమేదార్లు ఒప్పుకున్న షరతు ఇదే. బ్రిటిష్ సర్కారు ఒప్పుకోలేదు.

1876లో ఆయన ఇంగ్లండ్ వెళ్లారు. దారిలో ప్యారిస్‌లో పడి కాలి ఎముక విరిగింది. లండన్‌లో గొప్ప మర్యాదలు జరిగాయి, నగర గౌరవ పౌరసత్వం ఇచ్చారు, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ డాక్టరేట్ ఇచ్చింది. రెబెక్కా బొమ్మ కొన్నది కూడా ఈ ప్రయాణంలోనే. బీరార్ మాట మాత్రం ఎవరూ ఎత్తనివ్వలేదు. తిరిగొచ్చాక కూడా ఆయన పట్టు వదలకపోవడం కలకత్తా పెద్దలకు నచ్చలేదు. 1877లో షంసుల్ ఉమ్రా పోగానే, సాలార్‌జంగ్‌కు పడని వికారుల్ ఉమ్రాను ఆయన పక్కన రెండో రాజప్రతినిధిగా కూర్చోబెట్టారు. 1857లో తమను నిలబెట్టినవాడికి ఇచ్చిన బహుమతి అది.

1883 ఫిబ్రవరి 8న కలరా సోకి, ఒక్క రోజులోనే సాలార్‌జంగ్ చనిపోయారు. వయసు 54. విషం పెట్టారని ఊళ్లో పుకార్లు లేచాయి, రుజువు ఏదీ దొరకలేదు. పాతబస్తీలోని దాయెరా మీర్ మోమిన్‌లో కుటుంబ మఖ్బరాలో ఖననం చేశారు.

ఆయన తర్వాత

ఆయన కట్టిన పద్ధతి ఎంత బలమైనదో, ఎక్కడ బలహీనమో తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. తాలూక్‌దార్లు, ఖజానాలు, లెక్కల ఆఫీసు నిలబడ్డాయి, 1948 దాకా ఆ చట్రంలోనే రాజ్యం నడిచింది. కానీ 1886లో రాజ్యంలోని గనుల హక్కును లండన్ వాళ్ల కంపెనీకి ఒకే ఒప్పందంతో రాసిచ్చారు. వాటాల అమ్మకంలో జరిగిన బాగోతం ఎంత పెద్దదంటే, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీయే విచారణ జరపాల్సి వచ్చింది. సాలార్‌జంగ్ పోయి అప్పటికి ఐదేళ్లే. పాత తాలూకా గుత్త పోయింది, గని గుత్త వచ్చింది. పద్ధతి ఉంటే సరిపోదు, దాన్ని కాపలా కాసేవాడు కూడా ఉండాలి.

బీరార్ సంగతి 1902లో తేలింది. వైస్రాయ్ కర్జన్ ఆరో నిజాం చేత సంతకం చేయించి, ఏటా 25 లక్షలకు దాన్ని శాశ్వత కౌలుకు తీసుకున్నాడు. కంటింజెంట్‌ను కూడా బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిపేశారు. ఫౌజు పోయింది, ఫౌజు కోసం ఇచ్చిన భూమి తిరిగి రాలేదు. ఇప్పుడది మహారాష్ట్రలోని అమరావతి, అకోలా ప్రాంతం.

మన కాలంలోనూ ప్రభుత్వాలు నెలనెలా సేవలు కొంటూనే ఉన్నాయి. ఊడ్చేవాళ్లను, కాపలా ఉండేవాళ్లను, వంట చేసేవాళ్లను ఏజెన్సీల ద్వారా పెట్టుకుంటారు. బిల్లు ఆలస్యమైతే ఏజెన్సీ ఆగుతుందేమో గానీ, కింద పనిచేసేవాడి ఇంట్లో పొయ్యి ఆగదు కదా. ఎంతమంది పని చేస్తున్నారు, ఎవరి ఖాతాలో ఎంత పడింది, లెక్క ఎవరు చూస్తున్నారు అని అడిగే ప్రశ్నలు దివాన్ దేవిడీలో 1853లో అడిగినవే. పిల్లలను మ్యూజియంకు తీసుకెళ్లినప్పుడు రెబెక్కా ముందు ఒక్క నిమిషం ఆగి, ఈ బొమ్మ కొన్న పెద్దమనిషి ఇంగ్లండ్ ఎందుకు వెళ్లాడో, ఏం తేలేకపోయాడో కూడా చెప్పండి. మఖ్బరా కూడా చూపించాలనుకుంటే, దాయెరా మీర్ మోమిన్ అక్కడి నుంచి ఎంతో దూరం లేదు.